యాగ్లికా తిరిగిచ్చిన పండు

మా మేనకోడలు రోసాందాకి పెళ్ళి నిశ్చయమైంది టీవీలో. ఆ సంగతి ఆమెకి కూడా ఊరందరితో పాటే తెలిసింది. ఆదివారం సాయంత్రం సహకార సంఘం గదిలో, వెనక బెంచీ మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ తెరకేసి చూస్తోంది. తీరా చూస్తే తెర మీద పెళ్ళికూతురు తనే.

పెళ్ళికొడుకు బొమ్మ. పెళ్ళికూతురూ బొమ్మే. అయినా గొడవ మాత్రం రక్తమాంసాలున్న మనుషులకే వచ్చింది. నేను చెప్పేదాంట్లో ఎక్కడైనా కొంచెం పొంగు కనిపిస్తే కనిపించనివ్వండి. మా ఇంట్లో పిండి కూడా పొంగుతుంది, దాన్నెవరూ అబద్ధమనరు.

ఆ ఏడు ఎండాకాలం బెల్‌గ్రేడ్ నుంచి వెలిబోర్ అని ఒక బొమ్మలాయన మా ఊరు ద్రెనోవికకి వచ్చాడు. గడ్డం నిండా రంగులు. టీవీకి బొమ్మల సీరియల్ తీస్తున్నాడట, నవ్వుల సీరియల్, దానికి పల్లెటూరి ముఖాలు కావాలట. స్టేషన్ పక్కనున్న క్రునియా ఇంట్లో ముందుగది అద్దెకి తీసుకున్నాడు. పొద్దున లేస్తే కాఫీ కొట్టు ముందు కూర్చుని ఎవరు కనిపిస్తే వాళ్ళని గీసేవాడు. పీపాలు చేసే జివోయిన్ పొట్టని గీశాడు. మా గాడిదని గీశాడు. ఆ గాడిద తర్వాత సీరియల్లో అన్ని భాగాల్లోనూ వచ్చింది. దాంతో మా గాడిదకి పొగరు తలకెక్కి బరువులు మొయ్యడం మానేసింది. సంచీ వీపున పెడితే, ఇది నా స్థాయికి తగిన పనేనా అన్నట్టు నా వంక చూసేది.

రోసాందాని కూడా గీశాడు. మా అక్క కూతురు. తల్లీ తండ్రీ పోయాక నా దగ్గరే ఉంటోంది. సంతలో జున్ను అమ్ముతుంది. ముప్పై దాటింది. తలగుడ్డ వెనక్కి ముడేస్తుంది, బేరమాడేటప్పుడు ఎడమ కనుబొమ్మ పైకి లేస్తుంది, ముందు పళ్ళ మధ్య చిన్న సందు. ఇవన్నీ ఒక ఎత్తు, ఆమె నవ్వు ఒక ఎత్తు. ఆ నవ్వు గుడ్డు పెట్టబోయే కోడిలా కిందెక్కడో మొదలై, పాలు పొంగి గిన్నె మూత ఎగిరినట్టు పైకి లేచి, మళ్ళీ ఎప్పటికో గాని కిందికి దిగదు. ఒకసారి మా స్టేషన్లో ఆగక్కర్లేని రైలు ఆ నవ్వుకి ఆగిపోయింది. డ్రైవరు అది విజిల్ అనుకున్నాడు. అప్పుడు ఏమైందో చూద్దామని జెండాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చినవాడే తిహోమిర్, క్రునియా కొడుకు, మా స్టేషన్ పాయింట్స్‌మన్. వచ్చి చూశాడు. చూసి వెళ్ళిపోలేదు. వాళ్ళిద్దరి కథ అక్కడ మొదలైంది.

తిహోమిర్ మంచివాడు. మాటలే తక్కువ. రైల్వేవాళ్ళు మాటలు నెలకింతని కొలిచి ఇస్తే, అందులోనూ సగం మిగిల్చి తిరిగి జమ చేసే రకం. పట్టాలు అటూ ఇటూ మార్చే మనిషికి ఒక్కమాట గొంతు దాటించడానికి మాత్రం ఎక్కడలేని శ్రమ. అయినా రోసాందా ఎదురైతే రెండు మాటలు ఎక్కువే మాట్లాడేవాడు. రేగుపళ్ళ లాంటి మా ప్లమ్ పళ్ళన్నీ కోసి, బట్టీ పెట్టి, రకియా సారా దించడం అయ్యాక వాళ్ళింటి నుంచి పండు వస్తుందని ఊరంతా అనుకుంటోంది.

మా దగ్గర పెళ్ళిమాట ఖాయం చేసేది యాపిల్ పండే. అబ్బాయి తరపు వాళ్ళు మంచి ఎర్ర పండు ఏరి, దాంట్లో ఒక నాణెం గుచ్చి తెస్తారు. నలుగురి ముందూ అమ్మాయి దాన్ని చేతిలోకి తీసుకుందా, ఇక మాట అయిపోయినట్టే. ఒకవేళ చెడితే ఆ పండు ఏ చేతి నుంచి వచ్చిందో ఆ చేతికే, మళ్ళీ నలుగురి ముందూ తిరిగి వెళ్ళాలి. అది వెళ్ళేదాకా ఇంకో పండు ఆ గడప తొక్కదు.

ఇక సీరియల్. పేరు ‘వుకోయే మర’. వుకోయే అనే బద్ధకస్తుడికి ఒక నీటిమర. అతను నిద్రపోతుంటాడు, గాడిద మర నడుపుతుంటుంది. అంతే కథ. ఊరంతటికీ ఉన్నది ఒకే టీవీ, అదీ సహకార సంఘం గదిలో. ఆదివారం వార్తలకి ముందు అది వచ్చే వేళకి ఊళ్ళో కుక్కలు తప్ప బయట ఎవరూ ఉండేవాళ్ళు కాదు. కుక్కలు కూడా కిటికీల్లోంచి చూసేవి.

చలి మొదలవుతున్న రోజుల్లో ఒక ఆదివారం, వుకోయే సంతకి వెళ్ళాడు. అక్కడ జున్ను అమ్మే పిల్ల. పేరు యాగ్లికా. తలగుడ్డ వెనక్కి ముడి. ఎడమ కనుబొమ్మ పైకి. పళ్ళ మధ్య సందు. గదిలో జనం ఒకర్నొకరు పొడుచుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు యాగ్లికా నోరు తెరిచి నవ్వింది. ఇంకేముంది, గది దద్దరిల్లింది! అది రోసాందా నవ్వే. ఎండాకాలంలో వెలిబోర్ ఒక టేపురికార్డరు పట్టుకుని ఆమె చుట్టూ ఎందుకు తిరిగాడో అప్పుడర్థమైంది. చప్పట్లు, ఈలలు. రోసాందా మొహం మిరపపండైంది.

తెర మీద వుకోయే రెండు గ్లాసుల్లో రకియా పోశాడు. కోటు లోపలికి చెయ్యి పెట్టాడు. ఎర్రటి పండు తీశాడు. పండులో నాణెం తళుక్కుమంది.

చప్పట్లు కొడుతున్న చేతులు గాల్లోనే ఆగాయి.

యాగ్లికా పండు తీసుకుంది. కసుక్కున కొరికింది. నవ్వింది.

మొదట నోరు విప్పింది జివోయినే, నా వైపు తిరిగి. "ఒబ్రాద్! ఒరే ఒబ్రాద్! కనీసం చెప్పనైనా చెప్పలేదేరా! అల్లుడికి సొంత మర ఉందిగా, ఇక నీకు పిండి ఊరికే!"

గది మళ్ళీ గొల్లుమంది. నేనూ నవ్వాను, నాకు జోకంటే ఆగదు. కానీ మూడో బెంచీలో క్రునియా లేచి నిలబడింది. ఒళ్ళో పడిన గింజల పొట్టు దులుపుకుంది. గడ్డం కింద తలగుడ్డ ముడి బిగించుకుంది. ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయింది. ఆమె వెనకే తిహోమిర్, టోపీ చేతుల్లో తిప్పుకుంటూ, ఆ టోపీని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంటూ.

ఆ తర్వాతి ఆదివారం వుకోయే చెరువులో పడ్డాడు. ఆ పై వారం గాడిదని అమ్మి, అది లేక నిద్ర పట్టక మళ్ళీ కొనుక్కున్నాడు. యాగ్లికా మాటే లేదు. వచ్చింది, పండు తీసుకుంది, మాయమైంది. ఊళ్ళో ఆడవాళ్ళకి ఇది ఇంకా మండింది. "పండు పెట్టి పిల్ల ఊసే ఎత్తడు, వాడి మర తగలబడ!" అని బావి దగ్గర వుకోయేని తిట్టిపోశారు. అది రోసాందా మీద ప్రేమే అనుకోండి, కానీ ప్రేమగా అనే కొద్దీ ఆమె మరింత వదిలేసిన పిల్ల అయిపోయింది.

తిహోమిర్ బాధ చెప్పక్కర్లేదు. రైలు ఆగితే చాలు, కిటికీల్లోంచి తలలు. "ఏం తిహోమిర్, వుకోయే కులాసాగా ఉన్నాడా?" సరుకుల బండి డ్రైవరొకడు మా స్టేషన్ రాగానే విజిల్ వెయ్యడం మానేసి గాడిదలా ఓండ్రపెట్టేవాడు. పాపం తిహోమిర్ పచ్చజెండా ఊపుతూనే ఉండేవాడు, బండి తొందరగా పోతే చాలని.

ప్లమ్ కోతలు అయ్యాయి. బట్టీలు ఆరాయి. పండు రాలేదు. పైగా కొత్త సంవత్సరానికి తిహోమిర్‌కి సరిహద్దు వైపు స్టేషన్‌కి బదిలీ అని తెలిసింది. పెళ్ళయినవాడికైతే ఇల్లిస్తారు, కానివాడికి మంచమిస్తారు. క్రిస్మస్ ఉపవాసాలు మొదలైతే మా దగ్గర పెళ్ళి మాటెత్తరు. ఈలోపు తేలకపోతే అతను ఆ మంచం మీదికి వెళ్ళిపోతాడు, రోసాందా నా పొయ్యి దగ్గర ఉండిపోతుంది.

క్రునియా ఇంటికి వెళ్ళాను.

"వదినగారూ, ఇంట్లో ఉన్నారా?"

"ఇంట్లోనే ఉన్నా. వదిననింకా కాలేదు. ఆ మాట జేబులో పెట్టుకుని లోపలికి రా."

చెంచాడు తీపి, గ్లాసుడు నీళ్ళు ముందు పెట్టింది. కోపంలోనూ మర్యాద తప్పని ఇల్లు అది.

"క్రునియమ్మా, అది బొమ్మ తల్లీ."

"బొమ్మని నాకు తెలీదేంటి? చూపు తగ్గింది గానీ బుర్ర తగ్గలేదు. బొమ్మే. మరి ఆ నవ్వు?"

"నవ్వు... మా పిల్లదే."

"ఆ మొహం?"

"కొంచెం పోలిక."

"కొంచెమా! మా మేక కూడా గుర్తుపట్టింది." ఎదురుగా కూర్చుంది. "నాకా పిల్ల మీద కోపం లేదు ఒబ్రాద్. ఒట్టు. కానీ ఇప్పుడు నా కొడుకు పండు పట్టుకెళ్ళాడనుకో, లోకం ఏమంటుంది? మరవాడు వదిలేస్తే రైలువాడు ఏరుకున్నాడంటుంది. వాడసలే నోరు లేనివాడు. ఆ బండి డ్రైవరు జన్మంతా ఓండ్రపెడతాడు. పండు మీద పండు పెట్టను నేను. ముందుది వెనక్కి పోవాలి. అది పోయిన రోజు నాది వస్తుంది."

"గాల్లో ఉన్న బొమ్మ గాల్లో ఉన్న పండుని ఎలా తిరిగిస్తుంది?"

"తీసుకున్నప్పుడెలా తీసుకుందో అలాగే" అంది.

ఆ మాట అప్పుడు నాకు మొండితనంలా వినపడింది.

ఇంటికొస్తే రోసాందా రాగి బట్టీని బూడిదతో తోముతోంది. నేనేదో అల్లి చెప్పాలని నోరు తెరిచాను. ఆమె తలెత్తకుండానే అంది:

"కథలొద్దు మామయ్యా. ఏమంది?"

చెప్పాను. విని మళ్ళీ తోమింది. బట్టీ అద్దంలా అయింది, ఇంకా తోముతోంది.

"నీకంత పట్టుదల లేకపోతే వదిలెయ్యవే. సంతకొచ్చే వాళ్ళలో ఎంతమంది..."

"నాకు తిహోమిరే కావాలి" అంది. అంత సూటిగా మా ఇంట్లో ఎవరూ ఏదీ అడగలేదు అంతకుముందు. "నేను మాట్లాడుతుంటే వింటాడు మామయ్యా. నేను నవ్వితే ఏం చేస్తాడో తెలుసా? నవ్వు అయిపోయేదాకా జెండా కూడా కదపడు."

అప్పుడు తట్టింది నాకు. ఆ ఆదివారం తర్వాత ఇంట్లో ఆ నవ్వు వినలేదు. ఎవరైనా జోకేస్తే పెదాలు బిగించి గోడకేసి చూస్తోంది. నవ్వితే యాగ్లికా అంటారని భయం. ఊళ్ళో కోళ్ళు కూడా గుడ్లు తగ్గించేశాయంటే నమ్మండి, నమ్మకపోండి.

"పద, బెల్‌గ్రేడ్ పోదాం" అన్నాను.

జున్ను ఒక గుండు, కాల్చిన ఎర్ర మిరపకాయల పచ్చడి ఒక సీసా, కొత్త రకియా ఒక సీసా మూటగట్టుకుని రైలెక్కాం. తిహోమిర్ జెండా పట్టుకుని నిలబడ్డాడు. బండి కదులుతుంటే మా కిటికీ పక్కన నాలుగడుగులు నడిచి, "తొందరగా రండి" అన్నాడు. ఆ నెల కోటా అక్కడితో అయిపోయుంటుంది.

వెలిబోర్ పనిచేసే చోటు ఒక పాత భవనం పైఅంతస్తు. కిటికీల పక్కన బల్లలు, బల్లల మీద గాజులా అవతలికి కనిపించే పలచటి రేకులు. ఒక్కో రేకు మీద ఒక్కో బొమ్మ. ముందు రేకులో వుకోయే చెయ్యి కింద ఉంటే, తర్వాతి దాంట్లో వెంట్రుకవాసి పైకి ఉంటుంది. వాటిని ఒకదాని తర్వాత ఒకటి కెమెరా కింద పెట్టి ఫోటో తీస్తే చెయ్యి లేచినట్టు కనిపిస్తుందట. ఒక మనిషి తుమ్మాలంటే బల్ల నిండా రేకులు కావాలి. మా జివోయిన్ తుమ్మాలంటే రెండు బల్లలు కావాలేమో.

వెలిబోర్ మమ్మల్ని చూసి ఎగిరి గంతేశాడు. "ఒబ్రాద్ తాతా! మా యాగ్లికా! రండి రండి!"

యాగ్లికా అనగానే రోసాందా మొహం ఎలా మారిందో చూసి ఆగిపోయాడు. కూర్చోబెట్టి, కాఫీ పోసి, మేం చెప్పిందంతా విన్నాడు. మొదట నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు.

"పండంటే అంతుందని నాకేం తెలుసు తాతా? ఎర్రగా ఉంది, నాణెం మెరుస్తోంది, బాగుందని గీశాను."

"ఎక్కడ చూశావు బాబూ అలాంటి పండుని?"

"నేనున్న గదిలోనే. అలమారా పైన, ఎండిపోయిన పండు, దాంట్లో నాణెం. రోజూ నిద్ర లేవగానే కనపడేది."

నేను కాఫీ మింగడం మర్చిపోయాను. ఆ గది క్రునియాది. ఆ పండు క్రునియాకి, పోయిన మొగుడు చేతికిచ్చిన పండు. ఆ సంగతి అక్కడే నమిలి మింగేసి, మంచి సమయం కోసం కడుపులో దాచుకున్నాను.

"మరైతే దాన్ని తిరిగిప్పించు" అన్నాను.

వెలిబోర్ గడ్డం పీక్కున్నాడు. "ఎలా తాతా? మిగిలింది ఒక్క భాగం. అదీ అయిపోయింది. కొత్త బొమ్మలు వెయ్యాలంటే రంగులేసే అమ్మాయిలు వేరే సినిమాకి వెళ్ళిపోయారు. నేనొక్కణ్ణే కూర్చుంటే వసంతం వస్తుంది." రోసాందా వైపు తిరిగాడు. "అయినా అమ్మాయ్, అది చాలా చిన్న పాత్ర. ఒక్క భాగంలో వచ్చి పోయింది. ఇంకో నెలకి ఎవరికీ గుర్తుండదు."

"మీకు చిన్నదే బాబూ. మీకు ఇంకా బోలెడు మొహాలున్నాయి" అంది రోసాందా. "నాకున్నది ఇదొక్కటే."

వెలిబోర్ లేచి వెళ్ళి, అటక మీంచి ఒక పెట్టె దించాడు. అందులో ఆ సంత దృశ్యం రేకులన్నీ వరసగా ఉన్నాయి. ఏం చెయ్యాలో తెలియక కాదు, మా ముందు చేతులు ఖాళీగా పెట్టుకోలేక తీశాడనుకుంటాను. కొన్ని మా ముందు పెట్టాడు.

నాది ఎడమచేతి వాటం. బళ్ళో పంతులు ఎంత కొట్టినా మారలేదు. ఆ కట్టని ఎడమచేత్తో పట్టుకుని, బొటనవేలితో చివర్నుంచి సర్రున వదిలాను, పేకముక్కలు వదిలినట్టు. చూద్దును కదా, యాగ్లికా కొరికిన పండు నోటి దగ్గర పెట్టుకుంది, తీస్తే పండు నిండుగా ఉంది. చెయ్యి చాచింది. వుకోయే పండు అందుకుని కోటు లోపల పెట్టుకున్నాడు.

ముగ్గురం ఒకర్నొకరం చూసుకున్నాం.

"మళ్ళీ వదులు తాతా" అన్నాడు వెలిబోర్.

మళ్ళీ వదిలాను. మళ్ళీ తిరిగిచ్చింది.

"తీసుకున్నప్పుడెలా తీసుకుందో అలాగే" అన్నాను. అది క్రునియా మాటని ఇక్కడ రాస్తున్నాను గానీ, ఆ రోజు వెలిబోర్‌తో మాత్రం నా మాటన్నట్టే అన్నాను.

అప్పుడు చూడాలి వెలిబోర్‌ని. బల్లల మధ్య గిరగిరా తిరిగాడు. కొత్త బొమ్మ ఒక్కటీ వెయ్యక్కర్లేదు. అవే రేకులు చివర్నుంచి మొదటికి ఫోటో తియ్యాలి, అంతే. చివరి భాగంలో వుకోయే నిద్రపోయే ముక్క కొంచెం కోసి ఇది అతికించాలి. "ఎలాగూ వాడు ఎక్కువే నిద్రపోతున్నాడు" అన్నాడు.

ఇక మిగిలింది మాట. పండు చేతిలో ఉండగా బొమ్మ నోరు కదిలేది చివరి నవ్వుకి వేసిన బొమ్మల్లోనే. ఆ నోరు కదిలినంతసేపట్లోనే ఆమె చెప్పాల్సింది చెప్పెయ్యాలి. అదృష్టం, మా రోసాందా నవ్వు పొడుగు నవ్వు. ఎవరో ముక్తసరిగా నవ్వే పిల్లయితే ‘తీసుకో’ అనేలోపు నోరు మూతపడిపోయేది.

ఆమెని ఒక చిన్న గదిలోకి పంపారు. గోడలకి దుప్పట్లు కట్టారు. వెలిబోర్ ఏదో రాసిస్తానన్నాడు. "వద్దు" అంది. మొదటిసారి గొంతు రాలేదు. రెండోసారి దగ్గొచ్చింది. తర్వాత తలగుడ్డ సర్దుకుంది, ఎడమ కనుబొమ్మ పైకి లేపింది, ఎదురుగా నిజంగానే ఎవడో నిలబడ్డట్టు చూసి చెప్పింది. ఏం చెప్పిందో గాజు కిటికీ అవతల ఉన్న నాకు వినపడలేదు. వెలిబోర్ మాత్రం చెవులకి పెట్టుకున్నది తీసి, ముక్కు తుడుచుకున్నాడు.

ఉపవాసాలకి ముందటి ఆదివారం, చివరి భాగం. సంఘం గదిలో గాలికి కూడా చోటు లేదు. యాగ్లికా వస్తోందని నేనెవరికీ చెప్పలేదు. మహా అయితే ఊళ్ళో సగం మందికి చెప్పుంటాను. క్రునియా అదే మూడో బెంచీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని. తిహోమిర్ గోడకానుకుని. రోసాందా నా పక్కన. ఆమె వేళ్ళు నా కోటు అంచుని పిండుతున్నాయి, ఆ ముడతలు ఇస్త్రీకి ఇప్పటికీ లొంగలేదు.

తెర మీద వుకోయే మర ముందు నిద్రపోతున్నాడు. గాడిద మర నడుపుతోంది. ఉన్నట్టుండి సంత వచ్చింది. యాగ్లికా నిలబడి ఉంది, చేతిలో కొరికిన పండు. నోరు కదిలింది.

"మంచి పండే వుకోయే. నిన్ను తప్పు పట్టడం లేదు. కానీ నేను ఎదురుచూసే పండు ఇది కాదు. తీసుకో."



పండు నోటి దగ్గరికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి నిండు పండు. యాగ్లికా చెయ్యి చాచింది. వుకోయే అందుకున్నాడు, కోటు లోపల పెట్టుకున్నాడు. పక్కన ఒక కోడి వెనక్కి పరుగెత్తింది. బల్ల మీది గ్లాసుల్లోంచి రకియా లేచి, ధారగా సీసాలోకి వెళ్ళిపోయింది.

"అయ్యయ్యో! పండంటే సరే, రకియా ఎందుకురా వెనక్కి? పోసింది పోసిందే కదా!" జివోయిన్ గుండెలు బాదుకున్నాడు.

"ష్!" అన్నారు ఆడవాళ్ళంతా.

వుకోయే వెనక్కి వెనక్కి నడుచుకుంటూ సంత దాటి, గుట్ట దాటి, చుక్కంత అయిపోయి పోయాడు. మళ్ళీ మర. మళ్ళీ నిద్ర.

గదంతా క్రునియా వైపు తిరిగింది. ఆమె తెరకేసే చూస్తోంది. చూపు తిప్పకుండానే అంది:

"కొరికిన ముక్క కూడా పెట్టి ఇచ్చింది. చూశారా? ఇంతకంటే పద్ధతిగా ఎవరిస్తారు?"

రోసాందా వేళ్ళు నా కోటు వదిలాయి. నా పక్కన గోధుమ బస్తా దించినట్టు ఒక నిట్టూర్పు. ఆమెదో, నాదో, ఇద్దరిదో.

క్రునియా లేచింది. నడుముకున్న ఏప్రన్ జేబులో చెయ్యి పెట్టింది. పండు తీసింది. కోతల రోజుల నాటి పండు. దాచి దాచి వడిలి, తోలంతా ముడతలు పడింది. మధ్యలో నాణెం గుచ్చి ఉంది, పాతది, అంచులరిగింది. అంటే ఇన్నాళ్ళూ ప్రతి ఆదివారం ఆ జేబులో పెట్టుకునే వస్తోందన్నమాట! నా కడుపులో దాచుకున్న సంగతి గొంతు దాకా వచ్చింది. ఆ నాణెం ఎక్కడ చూశానో నాకు తెలుసు. బెల్‌గ్రేడ్లో, వుకోయే చేతిలో. అలమారా మీది పండులోదే, మొగుడిచ్చిన పండులోది.

"క్రునియమ్మా" అన్నాను, "ఆ ముడతలు చూస్తుంటే పండు అచ్చం నీ పోలికే."

"నోరు ముయ్యి అన్నయ్యా" అంది.

అన్నయ్యా! ఆ మాటకి నా నోరు నిజంగానే మూతపడింది.

తిహోమిర్ పండు అందుకుని బెంచీల మధ్యలోంచి వచ్చాడు. వస్తుంటే జనం కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. రోసాందా ముందు నిలబడ్డాడు. పండు చాచాడు. మాట్లాడతాడని ఎవరూ అనుకోలేదు. గొంతు సవరించుకున్నాడు.

"చూసి తీసుకో" అన్నాడు. "మా ఇంట్లో వెనక్కి తిప్పే మిషన్ లేదు."

గదంతా ఒక్క క్షణం బిగుసుకుంది. తిహోమిర్ జోకేశాడని అర్థం కావడానికి ఆ మాత్రం సమయం పట్టింది.

రోసాందా పండు తీసుకుంది. అప్పుడు మొదలైంది. కిందెక్కడో, గుడ్డు పెట్టబోయే కోడిలా. తర్వాత గిన్నె మూత. సంఘం గది కిటికీ అద్దాలు గలగలలాడాయి, బయట కుక్కలు మొరిగాయి, దొడ్డిలో నా గాడిద ఓండ్రపెట్టింది. అప్పుడే స్టేషన్లోంచి సాయంత్రం సరుకుల బండి కదలబోతోంది. కదల్లేదు. డ్రైవరు బ్రేకు వేసి దిగి, ఎవరు విజిల్ వేశారని వెతుక్కుంటూ మా గదిదాకా వచ్చాడు. ఆ ఓండ్రపెట్టే డ్రైవరే. వాకిట్లో నిలబడి తొంగి చూశాడు.

తిహోమిర్ చేతిలో జెండా లేదు. అయినా చెయ్యెత్తి, నవ్వు అయిపోయేదాకా ఆగమన్నట్టు అతన్ని ఆపాడు.